రుక్మిణమ్మ గోడ సున్నం

కాణిపాకానికి నాలుగు మైళ్ల అవతల ఉన్న ఆ ఊళ్లో కోళ్ల సంగతి ఏదొచ్చినా పంకజాక్షి మాటే చెల్లేది. పొదగడానికి కూర్చున్న కోడి కింద గుడ్లు పెట్టాలంటే ఆమె కోళ్ల గుడ్లతోనే ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. ఆమె చేత్తో పెట్టిన గుడ్డు మురిగిపోదని పేరు. పేరొస్తే ఎవరికైనా కాస్త తల ఎగురుతుంది. పంకజాక్షికి కాస్త ఎక్కువే ఎగిరింది.

ఆ విద్య ఆమెకు నేర్పింది పక్కింటి రుక్మిణమ్మ. మొగుడు పోయి, పిల్లలు లేక, ఒంటరిగా ఉండే మనిషి. పంకజాక్షి కాపురానికొచ్చిన కొత్తలో తన కోడిపెట్టనొకదాన్ని ఇచ్చి, సాకే పద్ధతి చెప్పింది. ఇరవై ఏళ్లయ్యేసరికి ఆ సంగతి ఊరు మరిచిపోయింది, పంకజాక్షి కూడా మరిచిపోయింది.

మొన్న ఎండాకాలంలో పంకజాక్షి ఇంటి గోడలకు సిమెంటు పూయించి పచ్చరంగు కొట్టించింది. పెరడంతా గచ్చు చేయించింది. ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయంటే కొత్తరకం కోడిపిల్లల్ని పది తెచ్చింది. ఆరో నెలలో అవి గుడ్లకొచ్చాయి. తొలి గుడ్డు చూడ్డానికి రుక్మిణమ్మ వచ్చి, అరచేతిలో పెట్టుకుని, "ఎంత బాగుండాది మే!" అని మురిసిపోయింది. పోతూ పోతూ నవ్వుతా ఇంకో మాట కూడా అనింది.

"నీ కోళ్లు నా గోడ తినేస్తా ఉండాయి మే పంకజా. వాటికి మేత పెట్టకుండా తోలతా ఉండావా?"

అది ఎగతాళి మాట. రుక్మిణమ్మది పాతకాలపు ఇల్లు, ఏటా సున్నం కొట్టే గోడలు. ఎవరి కోళ్లయినా ఆ గోడ మొదట్లో ముక్కుతో పొడవడం మామూలే. కానీ కొత్తగా రంగు వేయించుకున్న మనిషికి ఎగతాళి కూడా గుచ్చుకుంటుంది. మేత పెట్టలేని దరిద్రురాలినా నేను, అనుకుంది పంకజాక్షి. మర్నాడే రెండు పెరళ్ల మధ్య వల కట్టించింది. ఇక ఒక్క కోడి కూడా అటు పోలేదు.

పదిహేను రోజులు తిరగలేదు, గూట్లో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. పెంకు లేని గుడ్డు. పలచటి తోలులోంచి సొన అటూ ఇటూ కదులుతోంది. మర్నాడు మూడు. ఆ వారంలోనే ఒక పెట్ట కాళ్లు పడిపోయి మూల కూలబడింది. పంకజాక్షి నూకలు పెంచింది, పసుపునీళ్లు తాగించింది, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. పెట్ట చచ్చిపోయింది. కోళ్ల పంకజాక్షి ఇంట్లోనే తోలుగుడ్లంట అని పాలకేంద్రం దగ్గర ఎవరో నవ్వారని తెలిసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. తప్పు తనదంటే పేరు పోతుంది. ఇంకెవరిదో కావాలి.

"ఎంత బాగుండాది" అని రుక్మిణమ్మ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

పాలకు పోయే వేళ, వీధి నిండా ఆడవాళ్లుండగా, పంకజాక్షి రుక్మిణమ్మ వాకిట్లో నిలబడి గుప్పెడు మన్నెత్తి ఆ గడప మీద పోసింది. "నా కోళ్ల మీద కన్నేసినోళ్ల నోట్లో మన్ను పడ! పిల్లా జెల్లా లేని కన్ను పచ్చగా ఉండేదాన్ని ఓర్సుకుంటుందా?" అని అరిచింది. రుక్మిణమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉంది.

ఊరికి అంతే చాలు. పురిటికి పుట్టింటికొచ్చిన నందిని, రుక్మిణమ్మ ఎదురైతే చంటిబిడ్డ మీద కొంగు కప్పేసింది. పంకజాక్షి అది కళ్లారా చూసింది. చూసి, ఆ పూట కడుపు నిండా అన్నం తినింది.

పశువులకు టీకాలు వేయడానికి డాక్టరమ్మ ప్రసన్నకుమారి వచ్చినప్పుడు, పంకజాక్షి కూలబడిన రెండో పెట్టను చూపించింది.

"కొక్కెర తెగులుకు టీకా ఏయించినావా?"

"ఏయించినానమ్మా. రోగం కాదు, దిష్టి."

డాక్టరమ్మ పెట్ట కాళ్లు వత్తి చూసింది, గూట్లోని తోలుగుడ్డు చూసింది, గచ్చూ రంగుగోడా చూసింది. "దినామూ గుడ్డు పెట్టే కోడి ఇది. పెంకుకు సున్నం కావల్ల. నువ్వు పెట్టకపోతే ఒంట్లో ఎముకల్లోంచి తీసి పెడతాది, కడాకు కూలబడతాది. ఇన్నాళ్లూ సున్నం యాడ తినేటివి?"

పంకజాక్షి తల తిప్పి చూసింది. వల అవతల రుక్మిణమ్మ గోడ కనిపిస్తోంది. మొదట్లో జానెడెత్తు మేర సున్నం లేదు, కోళ్లు పొడిచిన మట్టి తేలి ఉంది. పాత కోళ్లూ కొత్త కోళ్లూ ఇరవై ఏళ్లుగా తిన్న గోడ. చేతి గుణమని ఊరు మెచ్చుకున్నదంతా ఆ గోడదే. సిగ్గుతో ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. డాక్టరమ్మ ఇచ్చిన మందు, ఆల్చిప్పల పొడి చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది.

సందకాడ వల కోసేసి, పెరటి దోవన పోయి రుక్మిణమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. "అక్కా, తప్పయిపోయినాది" అనింది గొంతు తగ్గించి.

రుక్మిణమ్మ బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు. "మన్ను వీధిలో పోసినావు. మాట పెరట్లో సెప్తావా?"

అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. ఆ రాత్రంతా పంకజాక్షికి ఆ ఒక్క మాటే. ఎవరూ చూడకుండా వచ్చింది మన్నింపు కోసం కాదు, పేరు దాచుకోవడానికేనని తనకే తెలుసు.

తెల్లారి పాలకేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్ల మధ్య ఆమె నోరు తెరిచింది. తిట్టేటప్పుడు గలగలా వచ్చిన గొంతు ఇప్పుడు రాలేదు. రెండోసారి చెప్పాల్సొచ్చింది. "నా కోళ్లకు ఎవురి దిష్టీ తగల్లేదు. ఆయక్క గోడ సున్నం తిని బతికినాయి. వల కట్టి సంపుకున్నింది నేను. కోళ్లు సాకేది నాకు నేర్పింది గూడా ఆయక్కే." బిడ్డనెత్తుకున్న నందిని తల దించుకుంది.

అక్కణ్నుంచి నేరుగా ఇంటికొచ్చి సున్నం కలిపి, కుంచె పట్టుకుని రుక్మిణమ్మ గోడ దగ్గర కూర్చుంది. కాసేపటికి రుక్మిణమ్మ బయటికొచ్చింది. లోపలికి రమ్మనలేదు, మొహం చూడలేదు.

"కింద ఇంకా మందంగా కొట్టు. అవిటికి అందేది ఆడనే" అనింది.

పంకజాక్షి తలెత్తకుండా కింద ఇంకో పూత వేసింది.