రెండు చేతుల నీలం

పద్నాలుగో నంబరు చొక్కా నేనే కాజేశానన్న నింద చాలా ఏళ్లు మోశాను.

మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో నేను చాలాకాలం ఆడాను. ఆడాను అంటే మరీ గొప్పలు పోయినట్టవుతుంది, కూర్చున్నాను. బెంచి మీద నాకంటూ ఒక చోటు ఉండేది. ఎవడి కాలైనా బెణికితే నన్ను దింపాలని ఏర్పాటు. మావాళ్లవి పాడు గట్టి కాళ్లు, ఒక పట్టాన బెణికేవి కావు. నేను మానేసిన ఏడాది సామాన్లు సర్దుకుంటుంటే నా చొక్కా ఒక్కటి కనిపించలేదు. "ఆడనివాడికే చొక్కా మీద మోజెక్కువ" అని అప్పటి కార్యదర్శి అందరి ముందూ అనేశాడు. నేను తియ్యలేదు మొర్రో అన్నా విన్నవాడు లేడు. తర్వాత జాలిపడి టికెట్ల కిటికీ దగ్గర నాకు ఉద్యోగమైతే ఇచ్చారు గానీ, సామాన్ల గది తాళం మాత్రం ఎన్నడూ నా చేతికివ్వలేదు.

ఆ చొక్కా ఎక్కడుందో తెలిసిన మనిషి రోజూ నా కిటికీ ముందు నుంచే నడిచి వెళ్లేవాడు. ఆయనే నీలం బాబాయ్. జట్టు బట్టలు ఉతికే ఆయన.

మైదానంలో తూర్పు గ్యాలరీ కింద, మెట్ల వెనకాల ఆయన గది. మెట్లు వాలుగా దిగుతాయి కనక కప్పు కూడా వాలుగానే ఉంటుంది. ఒక మూల నిలబడొచ్చు, ఇంకో మూల వంగాల్సిందే. రెండు సిమెంటు తొట్లు, ఎంత బిగించినా కారే కుళాయి, అరచెయ్యంత కిటికీ, ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరేసే తీగలు. ఆ తొట్లకు ఇటువైపు ఆయనా అటువైపు పిన్నీ నిలబడి మా అందరి మట్టీ వదిలించేవారు. పిన్ని అంటే ఆయన భార్య. ఆటగాళ్లందరికీ పిన్నే. నా చొక్కా అంటే ఆవిడకు ప్రత్యేకమైన అభిమానం.

"నీ చొక్కా ఉతుకుతుంటే ప్రాణానికి హాయిగా ఉంటుందిరా. మట్టుండదు, చెమటుండదు. నీలాంటివాళ్లు పదకొండు మందుంటే ఎంత బాగుణ్ణు!" అనేది.

అలా అయితే జట్టు ఏమవుతుందో ఆవిడకు పట్టదు.

మా జట్టు మొదట్లో తెల్లజట్టు. తాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు సాయంత్రాలు ఆడుకుంటూ కట్టుకున్న క్లబ్బు అది. ఫ్యాక్టరీలో తొడుక్కునే తెల్ల బనియన్లే జెర్సీలు. ఇప్పుడు మైదానం గేటు మీద పెద్ద పలక ఉంది. మా లేత నీలం రంగు మన ఆకాశానికీ మన సముద్రానికీ గుర్తని, పెద్దలు ఎంతో ఆలోచించి ఎన్నుకున్నారని దాని మీద చెక్కించారు. మా ఊరికి సముద్రం లేదు. ఉన్నదల్లా ఒక మురుగు కాలవ, దాని రంగు ఎవరూ ఎన్నుకోరు. అసలు సంగతి ఏమిటంటే, ఆ రంగు ఇద్దరు మొగుడూ పెళ్లాల అలక.

జట్టు మొదటిసారి ఫైనలుకు వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జట్టుతో పోటీ. ముందురోజు వాన. ఆ రోజు పిన్ని అడిగిందట, "ఇన్నాళ్లుగా వీళ్ల చొక్కాలు ఉతుకుతున్నాను, ఒక్క ఆటైనా చూడలేదు. రేపు చూపించవూ" అని. ఇరవై మంది బంతి వెనక పరిగెత్తడం చూడ్డానికేముంది, మేజోళ్లూ తువ్వాళ్లూ ఎవరు ఉతుకుతారు అన్నాడు బాబాయ్. అంతే, ఆవిడ మూతి ముడుచుకుంది. ఆయనా బిగుసుకున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు.

తెల్లబట్టలకు ఆఖరి జాడింపులో నీలిమందు పెట్టడం మామూలే. పొడిని చిన్న గుడ్డలో మూటకట్టి నీళ్లలో ముంచి పిండుతారు. వాళ్లిద్దరిలో ఎవరో ఒకరు పిండేవారు, రెండోవాళ్లు "నీలం పెట్టావా?" అని అడిగేవారు. ఆ రోజు అడిగేవాళ్లు లేరు. ముందు పిన్ని అటువైపు నుంచి పిండి, పక్కకు తిరిగి బట్టలు విదిలిస్తోంది. బాబాయ్ ఇటువైపు నుంచి తన మూట ముంచాడు. నీళ్లు అప్పటికే నీలంగా ఉన్నాయని ఆయనకు కనిపించింది. అడుగుదామంటే ముందు నోరు విప్పినవాడు ఓడినట్టు. పిండేశాడు. ఆయన పిండడం పిన్ని చూసింది. వద్దని చెప్పాలంటే ఆవిడా మాట్లాడాలి. మాట్లాడలేదు. ఇద్దరూ చూస్తూ చూస్తూ చొక్కాలన్నీ ముంచేశారు.

పొద్దున్నే వచ్చిన కార్యదర్శి తీగల మీద ఆరుతున్న చొక్కాలు చూసి నెత్తి బాదుకున్నాడట. వేరే జత లేదు. అవే తొడుక్కుని దిగారు. అవతలి జట్టు కూడా తెలుపే వేసుకొచ్చింది. రెండు జట్లూ తెల్లగా ఉంటే రిఫరీ తల పట్టుకునేవాడే, ఈ నీలం చూసి తెగ సంతోషించాడు. మావాళ్లు గెలిచారు. జనం "నీలం! నీలం!" అని అరుస్తూ ఊరంతా తిరిగారు. ఆ తర్వాత తెలుపు వెయ్యమని ఎవరైనా అంటే కొట్టేలా ఉండేవారు. ఆటలంటే గిట్టనివాళ్లు కూడా గోడలకు ఆ రంగే వేయించుకున్నారు.

ఇక అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌కీ అదే పద్ధతి. ఉతికితే నీలం పోతుంది కనక ప్రతిసారీ పెట్టాల్సిందే. ఆవిడ ఒక మూట పిండాలి, ఈయన ఒక మూట పిండాలి. ఎదురెదురుగా నిలబడి, సరిపోయిందా అని అడక్కుండా పిండాలి. అడిగితే ఆ రంగు రాదని వాళ్ల నమ్మకం. ఏ రెండు చొక్కాలూ ఒకేలా ఉండేవి కావు. ఒకదాని భుజం ముదురు, ఒకదాని అంచు లేత. ఇంట్లో గొడవైన వారం మొత్తం జత ముదురుగా వచ్చేది. మా కెప్టెన్ చొక్కా పైకెత్తి చూసి, "ఏంటి పిన్నీ, ఈసారి గట్టిగానే పడిందే!" అనేవాడు.

"నువ్వు బంతి సంగతి చూసుకో నాయనా. మా కాపురం నువ్వు ఆడక్కర్లేదు" అనేది పిన్ని.

నా చివరి ఏడాదిలోనే ఆవిడ పోయింది. ఆ ఏడాది ఆఖరి మ్యాచ్‌కి ముందురోజు చొక్కాలు తడిపి, నీలం పెట్టి, తీగల మీద ఆరేసి, గుండెలో ఏదోలా ఉందని కూర్చుంది. మర్నాడు మేం ఆడుతుండగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు.

బాబాయ్ పని మానలేదు. పిల్లల్లేరు, ఇంటికెళ్లి చేసేదేమీ లేదు. పొద్దున వచ్చేవాడు, ఉతికేవాడు, తన మూట పిండేవాడు. ఆ మీదట తొట్టి చుట్టూ తిరిగి అటువైపుకెళ్లి, ఆవిడ నిలబడే చోట నిలబడి, ఎడమ చేత్తో రెండో మూట పిండేవాడు. కుడిచెయ్యి అయితే బలం ఎక్కువైపోతుందట. ఎంత చేసినా ఆ రంగు రాలేదు. ఒకసారి ముదురు, ఒకసారి మసక. గ్యాలరీలో పాత అభిమానులు "రంగు చచ్చిందిరా" అని గొణుక్కునేవారు. నాకు వినిపించినట్టే ఆయనకూ వినిపించేది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేను ఆ గదివైపు వెళ్తే, తొట్టికి అటుపక్క నిలబడి ఊరికే నీళ్లు చూస్తూ ఉండేవాడు. చూసి నేను వెనక్కి వచ్చేసేవాణ్ణి. అలాంటి మనిషితో మాట్లాడ్డం నాకు చేతకాదు.

ఇలా ఉండగా క్లబ్బును ఒక కంపెనీ కొనుక్కుంది. కొత్త మేనేజరు చెడ్డవాడేం కాదు. అందరినీ మీరు అనేవాడు, అదే మాకు కొంచెం ఇబ్బందిగా ఉండేది. బట్టల ఫ్యాక్టరీలో కొత్తరకం జెర్సీలు చేయిస్తామని, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదని, యంత్రంలో ఉతకొచ్చని చెప్పాడు. బాబాయ్ గదికి తనే వచ్చాడు. నేనూ వెంట వెళ్లాను.

"మీ పాత నీలమే పెట్టాలని అభిమానులు గొడవ చేస్తున్నారు. ఆ రంగున్న చొక్కా ఒక్కటి ఎక్కడైనా దొరికితే ఫ్యాక్టరీ అచ్చంగా అదే రంగు తీస్తుంది. దొరక్కపోతే ముదురు నీలం ఖాయం చేసేస్తాం. మా కంపెనీ రంగు అదే" అన్నాడు.

దొరకడానికి ఎక్కడుంది? ఆడిన ప్రతి చొక్కా ఉతుకుడికి వచ్చింది, ఉతికినప్పుడల్లా పాత నీలం పోయింది. బాబాయ్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు నా కిటికీ దగ్గరకు వచ్చి ఒక పొట్లం లోపలికి తోశాడు. నల్లగుడ్డ విప్పి చూస్తే, నా చొక్కా. పద్నాలుగో నంబరు. లేత నీలం, కుడి భుజం మీద కాస్త ముదురు. చూసి ఎన్నేళ్లయిందో, ఒంటికి ఆనించి చూసుకున్నాను. ఆ వెంటనే కోపం వచ్చింది.

"నువ్వా తీసింది! నన్ను దొంగని చేశారు కదా బాబాయ్! ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"చెబితే తీసుకుపోతారని భయపడ్డానురా. మీ పిన్ని ఆఖరుసారి నీలం పెట్టిన జతలోది. ఆ రోజు అందరివీ మట్టి కొట్టుకుపోయి వచ్చాయి, ఉతక్క తప్పలేదు. నీదొక్కటే మాసిపోకుండా వచ్చింది. ఉతకబుద్ధి కాలేదు."

అవును, ఆ మ్యాచ్‌లో కూడా నన్ను దింపలేదు. ఈ క్లబ్బుకు నేను చేసిన సేవ ఏదైనా ఉంటే అదే.

"ఇది ఇచ్చావంటే ఇక నీతో వాళ్లకు పనుండదు" అన్నాను. "నీలిమందూ ఉండదు, తొట్టీ ఉండదు. రంగు చూడ్డానికి చొక్కా కత్తిరిస్తారు కూడా. ఆలోచించుకో."

"రాత్రంతా అదే ఆలోచన. ఇవ్వకపోతే మీ పిన్నితో పనుండదు కదరా ఈ జట్టుకి. ఆవిడ రంగు లేకుండా పోతుంది. నా సంగతేముంది" అన్నాడు. పొట్లం మళ్లీ మడిచి ఆయనే మేనేజరు గదిలోకి తీసుకెళ్లాడు.

కొత్త జెర్సీలతో మొదటి మ్యాచ్ రోజు కిటికీ మూసేసి ఆయన్ని గ్యాలరీకి లాక్కెళ్లాను. అన్నేళ్లుగా ఆ మెట్ల కింద పనిచేసిన మనిషి మెట్లెక్కడం అదే మొదలు. మావాళ్లు మైదానంలోకి పరిగెత్తుకొచ్చారు. పాత అభిమానులు లేచి నిలబడ్డారు. అదే నీలం. ఈసడించడానికి సాకు దొరక్క కొందరు ఏడ్చారు కూడా.

"మనవాళ్లు ఏ వైపు కొట్టాలిరా?" అని అడిగాడు బాబాయ్.

చెప్పాను. కాసేపు బుద్ధిగా చూశాడు. ఆ తర్వాత, "రంగు సరిగ్గానే వచ్చింది. అన్నీ ఒకేలా ఉన్నాయి కదూ" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "ఇదే కదా చూపించమంది. ఎంతసేపు పట్టేది నాకు?" అన్నాడు. ఎవరో గోల్ కొట్టారు. అందరూ లేచారు. ఆయన లేవలేదు, నేనూ లేవలేదు.

గది ఆయనకే వదిలేశారు, మనిషిని పొమ్మనలేదు. పని మాత్రం లేదు. తీగలు ఖాళీ, తొట్లు ఎండిపోయాయి. ఒకరోజు కుళాయి చప్పుడు వినబడి వెళ్లాను. ఒక తొట్టినిండా సబ్బు నీళ్లు, వాటిలో నా చొక్కా. ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చిందట, కింది అంచు దగ్గర చదరంగా ఒక ముక్క కోసేసి, నూనె చేతుల మరకలతో.

"ఉతికేస్తున్నావేంటి? పిన్ని నీలం పోదూ!" అన్నాను. నిజంగానే అరిచాను.

"అది వాళ్ల ఒంటి మీదికి వెళ్లిపోయిందిలే. ఇది నీ చొక్కా. నీకిచ్చెయ్యాలి. ఉతక్కుండా ఎవరికీ తిరిగివ్వలేదురా నేను."

చొక్కా పిండి పక్కన పెట్టాడు. రెండో తొట్టిలో మంచినీళ్లు పట్టాడు. చిన్నగుడ్డలు రెండు తీసి రెండు మూటలు కట్టాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు.

"అటువైపుకెళ్లు" అన్నాడు.

వెళ్లాను. అక్కడ కప్పు వాలు, నేను వంగి నిలబడాల్సి వచ్చింది. పిన్ని పొట్టిది, ఆవిడకు సరిపోయేది.

"ఎంత పిండాలి?"

"నాతో మాట్లాడకు" అన్నాడు. తన మూట చేతిలోకి తీసుకుని, "నా మీద అలిగేవాళ్లు లేక ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? ఒక్కసారి అలిగి నిలబడు" అన్నాడు.

మూతి ముడుచుకున్నాను. మూట ముంచి పిండాను. ఆయన ఇటు చూడకుండా తనది పిండాడు. నీళ్లు అప్పటికే బాగా నీలంగా ఉన్నాయి. ఇక చాలేమో అనిపించింది, అడగలేదు. ఆయనకూ అనిపించే ఉంటుంది, చెప్పలేదు. చొక్కా కొంచెం ముదురుగానే వచ్చింది.