నాలుగు నిమ్మకాయలు, ఒక రోటరీ ఇంజన్

రేసు కారును గోడకు కొట్టి పాడుచేసినవాళ్లున్నారు, మలుపులో పల్టీ కొట్టించి పాడుచేసినవాళ్లున్నారు. మూడడుగులు ముందుకు నడిపి, మర్యాదగా తాళం తిప్పి ఆపి, హారతి కళ్లకద్దుకుని పాడుచేసిన ఘనత మాత్రం నాకు తెలిసినంతవరకు నా ఒక్కదానిదే. ఆ ప్రమాదంలో నిమ్మకాయలు తప్ప ఇంకేవీ నలగలేదు. అయినా మా పెంచలన్న ఏళ్ల తరబడి కన్న కల ఆ పూట నా చేతుల్లోనే ఊపిరి వదలబోయింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు, ఇప్పుడు నేనూ నవ్వుతూనే చెబుతున్నాను.

పెంచలన్న మా పెద్దమ్మ కొడుకు. ముత్తుకూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో వాళ్ల షెడ్డు. చేపల వేటకు వెళ్లే ఫైబర్ పడవలు చేయడం, పగిలినవాటికి అతుకులు వేయడం ఆయన పని. అలాంటి మనిషికి రేసు కార్ల పిచ్చి పట్టింది. అదీ మామూలు కార్లు కాదు, రోటరీ ఇంజన్ కార్లు. చెన్నైలో పాత ఇంజన్లు అమ్మే వీధిలో, ఏదో జపాన్ కారులోంచి ఊడదీసిన రోటరీ ఇంజన్ ఒకటి దొరికితే దాన్ని చంటిబిడ్డలా పాత దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నాడు. పడవలకు చేసినట్టే అచ్చు కట్టి, ఫైబర్ పొరలు వేసి, ఆ ఇంజన్ చుట్టూ తన ఊహలో ఉన్న రేసు కారును నిలబెట్టాడు. ముక్కు నేలను వాసన చూస్తున్నట్టు ఉండేది. తోక వైపు గాలిని అణిచే పెద్ద రెక్క. ఒళ్లంతా నారింజ, ఆకుపచ్చ రంగులు. చూడవచ్చినవాళ్లలో సగంమంది "ఇది నీళ్లలో పోతాదా, రోడ్డు మీద పోతాదా?" అని అడిగి మరీ వెళ్లేవాళ్లు.

ఆ రంగులకు ఒక కథ ఉంది. ఆ కథ చెప్పే ఉద్యోగం నాది. అంటే అసలు ఉద్యోగం పోర్టు దగ్గర ఒక ఆఫీసులో. సెలవు రోజుల్లో అన్న షెడ్డుకు వెళ్లి, ఫోన్ ఎదురుగా నిలబడి, కారు గురించి వీడియోలు చేసి పెట్టేదాన్ని. "చూడండీ, మామూలు ఇంజన్లో పిస్టన్లు రోకళ్లలాగా పైకీ కిందికీ దంచుతాయి. ఇందులో దంచుడు లేదు. ఉబ్బిన సమోసా లాంటి మూడు మూలల ముక్క లోపల గిరగిరా తిరుగుతుంది, అంతే!" అని మొదలుపెట్టేదాన్ని. ఫ్రాన్స్‌లో పగలనక రేయనక ఇరవై నాలుగు గంటలు సాగే పందెంలో, మూడు దశాబ్దాల కిందట, నారింజ ఆకుపచ్చ రంగుల జపాన్ రోటరీ కారు కీచుమని కేకలు పెట్టుకుంటూ వెళ్లి పెద్ద పెద్ద కంపెనీలను ఓడించిన సంగతి చెప్పేదాన్ని. తర్వాత నిబంధనలు మారి అలాంటి ఇంజన్‌కు ఆ పందెంలో చోటు లేకుండా పోయిందని గొంతు తగ్గించేదాన్ని. ఆ మీదట అదే కంపెనీ గాలి చప్పుడు అనే అర్థం వచ్చే పేరుతో ఒక అందాల నమూనా రేసు కారు చేస్తే, అది కాస్తా మంటల్లో కాలిపోయిందనే చోట నిజంగానే ఏడ్చేదాన్ని. రోటరీ చరిత్ర మొత్తం నాకు నోటికొచ్చు. దాన్ని వాడే పద్ధతి ఒక్కటే రాదు.

అన్న చెప్పలేదా అంటారేమో. చెప్పాడు. "శైలా, ఈ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే బాగా వేడెక్కిందాకా ఆపగూడదు. మధ్యలో ఆపితే లోపల పెట్రోలు నిలబడి ప్లగ్గులు తడిసిపోతాయి. మళ్లీ మొండికేస్తాది" అన్నాడు. దురదృష్టం ఏమిటంటే సరిగ్గా అప్పుడే నేను కూడా మాట్లాడుతున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే. అది తెరిచి ఉన్నంతసేపు చెవులు మూతపడతాయి, అదొక్కటే లోపం.

ఇంతలో చెన్నై దగ్గరి రేసు ట్రాక్‌లో పాత రేసు కార్లకూ నమూనా కార్లకూ కలిపి ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. అన్న మన కారు ఫోటోలు పంపాడు. కార్లను ఎంపిక చేసే రాఘవన్ గారు స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఆయన షరతు ఒక్కటే. కారు తన ఇంజన్‌తో తాను నడవాలి, నడవని బొమ్మలకు చోటు లేదు. ఇన్నేళ్లూ "పడవలు చేసుకునేవాడికి రేసు కారెందుకు?" అని నవ్వినవాళ్లందరికీ జవాబు ఆయన వచ్చే ఆ ఒక్క ఉదయంలో ఉంది. రాఘవన్ గారిని నెల్లూరు స్టేషన్ నుంచి తీసుకురావడానికి బయల్దేరుతూ అన్న తాళం నా చేతిలో పెట్టాడు. "దుమ్ము తుడిచి పెట్టమ్మా, చాలు. ఇంకేం చేయబాక" అన్నాడు.

అన్న జీపు అటు మలుపు తిరిగిందో లేదో, ఇటు పెద్దమ్మ పళ్లెంతో ప్రత్యక్షమైంది. పసుపు, కుంకుమ, టెంకాయ, కర్పూరం, కోడిగుడ్డంత గూడూరు నిమ్మకాయలు నాలుగు.

"ఏమే శైలా, బండెక్కు. రాహుకాలం రాకముందే నిమ్మకాయలు తొక్కించాల."

"అన్న వచ్చినాక చేద్దాంలే పెద్దమ్మా."

"వాడొస్తే చేయనిస్తాడా? ఇన్నేళ్లూ ఈ ఇంట్లో చేసిందంతా పడవలే. పడవకు టెంకాయ కొట్టి నీళ్లలోకి తోస్తాం. నిమ్మకాయ పెట్టేదానికి పడవకు చక్రం యాడుండాది? చక్రాలుండే బండి మనింట్లో ఇదే మొదటిది. దిష్టి తీయకుండా ఊరు దాటిస్తే నా మనసెట్ట ఊరుకుంటాది?"

ఈ వాదన సుప్రీంకోర్టులో కూడా నెగ్గుతుంది. పైగా ఆ సీట్లో కూర్చోవాలని నాకు ఎన్నాళ్లనుంచో ఉంది. రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవకూడదంటారు. నేను ఏకంగా రోటరీలోనే దూర్చాను.

పెద్దమ్మ నేలమీద పడుకున్నంత పని చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పళ్లెంలో కర్పూరం వెలిగించింది. చుట్టుపక్కలవాళ్లు చేరారు. తాళం తిప్పాను. ఇంజన్ బర్రుమని లేచింది.

"ఇదేందే, గ్రైండర్లో గులకరాళ్లు పోసినట్టు!" అని పెద్దమ్మ చెవులు మూసుకుంది. మూసుకోవాలంటే పళ్లెం కింద పెట్టాలి కదా, పొగగొట్టం దగ్గర పెట్టింది. నేను మూడడుగులు నడిపాను. నిమ్మకాయలు చితికాయి. పొగగొట్టం గాలికి హారతి ఆరిపోయింది.

"ఆపు, ఆపు! హారతి ఆరిపోయింది, అపశకునం!"

ఆపాను. ఇది మొదటిసారి.

కర్పూరం మళ్లీ వెలిగింది. ఈలోగా ఎవరో "వెనక చక్రం కింద కాయ జారిపోయింది చూడండి" అన్నారు. నిజమే, నాలుగో నిమ్మకాయ కాలవ పక్కన హాయిగా పడుకుని ఉంది. దాన్ని పట్టుకొచ్చి మళ్లీ పెట్టారు. స్టార్టు చేశాను, తొక్కించాను, హారతి కోసం ఆపాను. రెండోసారి.

ఇక్కడితో ఆగి ఉంటే తప్పంతా పెద్దమ్మ మీదికీ నిమ్మకాయ మీదికీ నెట్టి నేను తప్పుకునేదాన్ని. కానీ అప్పుడు గుర్తొచ్చింది, నేను వీడియో తీయలేదని! ఇంత చారిత్రక ఘట్టం వీడియో లేకుండా పోతుందా? ఫోన్ ఒకరి చేతికిచ్చి, చితికిన నిమ్మకాయల్నే కొంచెం గుండ్రంగా సర్ది, మళ్లీ స్టార్టు చేసి, జుట్టు సవరించుకుని, ఫోన్ వైపు నవ్వి, ఆపాను. మూడోసారి.

ఆ తర్వాత కారును షెడ్డు నీడలో పెడదామని తాళం తిప్పితే, గిర్ర్ అంది. ఇంకోసారి గిర్ర్. ఇంకా తిప్పితే పొట్ట పాడైన మనిషిలాగా మూలిగింది. చివరికి బ్యాటరీ కూడా నీరసించి టిక్ అని ఊరుకుంది.

"పెట్రోలు లేదేమో" అన్నారు చూస్తున్నవాళ్లలో ఒకరు.

"దిష్టి తగిలినట్టుండాదే! తీసేలోపలే తగిలింది" అంది పెద్దమ్మ.

"గమ్మునుండండి, తోస్తే అదే లేస్తాది" అని పడవల్ని ఒడ్డుకు లాగే ట్రాక్టరు కోటయ్య మామ అన్నాడు. అందరూ తోశారు. వలలు లాగే చేతులవి, కారు భలేగా కదిలింది. ఇంజన్ మాత్రం కదల్లేదు. సరిగ్గా ఆ తోపులాట మధ్యలో జీపు వచ్చి ఆగింది. తెల్ల చొక్కాలో రాఘవన్ గారు దిగారు. వెనకే పెంచలన్న.

"ఏందిది?" అన్నాడు అన్న.

"నిమ్మకాయలన్నా."

"ఎన్నిసార్లు ఆపినావు?"

"హారతికొకసారి, జారిపోయిన కాయకొకసారి..." అని నసిగాను. "వీడియోకొకసారి."

రాఘవన్ గారు గడియారం చూసుకున్నారు. "పరవాలేదు పెంచలయ్యా, నెక్స్ట్ ఇయర్ పార్ప్పోం... చూద్దాం" అన్నారు. తిట్లు పడతాయని నేను కళ్లు మూసుకున్నాను. పెద్దమ్మ అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న నా వైపు చూసి, ఒక పెద్ద ఊపిరి తీసి, "ఏడవబాక. ఇదిగో, ఈ పానా పట్టుకో" అన్నాడు. అంతే. ఆ మాట తలచుకుంటే నాకు ఈరోజుకీ కళ్లు చెమరుస్తాయి. కల కూలుతున్నప్పుడు కూల్చినదాని చేతికి పనిముట్టు అందించే మనిషి ఎంతమందికి దొరుకుతాడు?

"సార్, ఒక్క గంట" అన్నాడు అన్న. ఇంజన్‌లోకి ఇంకా పెట్రోలు పోకుండా దాని పంపు తీగ తీసేశాడు. ప్లగ్గులు ఊడదీస్తే వానలో తడిసినట్టున్నాయి. జీపు బ్యాటరీ తగిలించి ఇంజన్ను ఉత్తినే తిప్పితే లోపలి పెట్రోలంతా బుస్సుమని బయటికి చిమ్మింది. కొంచెం ఆయిలు పోసి, కొత్త ప్లగ్గులు బిగించి, పంపు తీగ మళ్లీ తగిలించాడు. కోటయ్య మామ పడవ మోకుతో కారును ట్రాక్టరుకు కట్టాడు. నన్ను ట్రాక్టరు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు, ఇంజన్ లేచిందని అన్న కారులోంచి చెయ్యెత్తితే మామకు కేక వేయడం నా డ్యూటీ. చెయ్యి లేవలేదు. మలుపు దాటాం, ఇంకా లేవలేదు. నేను మనసులో మొక్కని దేవుడు లేడు. అప్పుడు కారు వెనకనుంచి తెల్లటి పొగ లేచింది. మున్సిపాలిటీ దోమల పొగ బండి దాని ముందు దండగ. ఆ పొగలోంచి ఒక కీచు కేక, దాని వెనకే అన్న చెయ్యి!

"ఆపు మామా, ఆపు! లేచింది!" అని నేను అరిచిన అరుపు ఇంజన్ కంటే గట్టిగా ఉందని ఊళ్లో ఇప్పటికీ అంటారు.

అన్న కారును బాగా వేడెక్కించి, రోడ్డు చివరిదాకా పోయి, మబ్బును చీలుస్తున్నట్టు వెనక్కి వచ్చాడు. రాఘవన్ గారు రుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నారు. "రోటరీని చంపేవాళ్లను చాలామందిని చూసినాను. నా కళ్ల ముందు బతికించినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను. వచ్చేయండి" అన్నారు. కారును తోసినవాళ్లందరూ ఈలలు వేశారు. వాళ్లలో ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సముద్రపు ఒడ్డు మనుషులకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ప్రదర్శన రోజున ట్రాక్ దగ్గర అన్న తాళం తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"ఇంజన్ వేడి చేసే పని నీదే."

"నేనా? నేనంటే ఎట్టన్నా?"

"ఈ తప్పు నువ్వు ఇంక జన్మలో చేయవు. మిగతావాళ్లు ఇంకా చేయాల్సి ఉండాది, వాళ్లను నమ్మేదెట్ట?"

గర్వంతో వెళ్లి సీట్లో కూర్చుని స్టార్టు చేశాను. అప్పుడే వేదిక మీద ముఖ్య అతిథి గారు మైకు ముందుకొచ్చారు. కార్యకర్త ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఇంజన్ ఆపండి, సార్ మాట్లాడుతున్నారు!"

"వేడెక్కలేదు."

"ఐదు నిమిషాలు ఆపి మళ్లీ..."

"నా ప్రాణం పోయినా ఆపను. కావాలంటే సార్‌ను ఆపండి."

సార్ ఆగలేదు, నేనూ ఆగలేదు. ఆయన పెదవులు కదిలాయి, చేతులు ఊగాయి, నా రోటరీ కీచుమంటూనే ఉంది. జనం నవ్వు ముఖాలతో తలలూపారు. ఆయన కూర్చోగానే మోగిన చప్పట్లకు ట్రాక్ దద్దరిల్లింది. తర్వాత ఆయన వెతుక్కుంటూ మా కారు దగ్గరికే వచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన నాకు చేతులు జోడించి, "అమ్మా, ఎన్నో సభల్లో మాట్లాడాను. నా ప్రసంగానికి ఇన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. చాలా థ్యాంక్స్" అన్నారు.

కనుక, పెద్దలందరి ఎదుట ఒళ్లు దగ్గర పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. చల్లటి రోటరీ ఇంజన్ను స్టార్టు చేసి, వేడెక్కకముందే ఆపే పాపం ఈ జన్మలో మళ్లీ చేయను. ఎదురుగా ఎవరు ఉపన్యసిస్తున్నా సరే, చేయనుగాక చేయను. దానివల్ల ఇంజన్‌కూ మేలు, జనానికీ మేలు.