పడని వేలిముద్ర

ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్రలు తీసుకునే గుమాస్తాను ఎదుట అందరూ గుమాస్తాగారు అనేవారు, వెనక మాత్రం భూతద్దం అనేవారు. ఆయనకు ఆ సంగతి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. ఇరవై తొమ్మిదేళ్లలో తన బల్ల మీదుగా ఒక్క దొంగ ముద్ర దాటలేదని ధీమా. అసలైనవి ఎన్ని వెనక్కి వెళ్లాయో ఆయన ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

అలాంటి పెద్దమనిషికి పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక, మిగిలిన కణాలేమైనా ఉంటే వాటి పని పట్టడానికి ఆరు నెలలకు మాత్రలు రాశారు. మూడో నెలలో నడుము చుట్టూ మంటపొక్కులతో సర్పి కూడా లేచింది. దానికి వేరే మాత్రలు. ఇవి లోపల ఏం చేస్తాయో చెప్పందే మింగనని ఆయన ఆసుపత్రి నర్సు ముందు భీష్మించుకుని కూర్చున్నాడు.

"రెండూ మోసగాళ్లే బాబాయిగారూ," అంది నర్సు నవ్వుతూ. "కణం రెండు కావాలంటే లోపలి రాతంతా నకలు తీసుకోవాలి. క్యాన్సర్ మాత్ర ఆ రాతలో అక్షరంలా వేషం వేసుకుని దూరుతుంది. నకలు పాడవుతుంది, కణం చస్తుంది. సర్పి మాత్రదీ అదే వేషం. కాకపోతే అది వైరస్ ఉన్న కణంలోనే పనిలోకి దిగుతుంది, అందుకే గొడవ తక్కువ. నీళ్లు మాత్రం బాగా తాగండి, లేకపోతే కిడ్నీలకు కష్టం."

"అంటే ఫోర్జరీ!" భూతద్దం మొహం జేవురించింది. "ఇన్నేళ్లూ ఫోర్జరీలు పట్టిన నాకు ఫోర్జరీతో వైద్యమా?"

"మరి మర్యాదగా అడిగితే పోతుందా ఆ జబ్బు? ఇంకో మాట. క్యాన్సర్ మాత్రకు మనవాళ్లూ పరాయివాళ్లూ అంతగా తెలీదు. తొందరగా పెరిగే కణమైతే చాలు, నోరైనా పేగైనా మీద పడుతుంది. అరచేతుల్నీ వదలదు. చేతులు మండినా, తోలు ఊడినా, మాత్ర ఆపి మాకు ఫోన్ చేయండి. డాక్టరుగారు మోతాదు తగ్గిస్తారు."

ఆ చివరి మాటే ఆయన్ని పట్టుకుంది. మోతాదు తగ్గితే జబ్బు తిరగబెడుతుందని ఎవరూ అనలేదు. ఆయనే విచారణ జరిపి, ఆయనే తీర్పిచ్చేసుకున్నాడు.

సర్పి తగ్గింది. ఐదో నెలకు అరచేతులు ఎర్రగా కమిలి, వేళ్ల కొసలు పొరలు పొరలుగా ఊడాయి. తేలు కుట్టిన దొంగలా ఆయన కిక్కురుమనలేదు. చొక్కా గుండీలు భార్యే పెట్టేది.

"ఏమండీ, ఆ చేతులు డాక్టరుకి చూపించండి."

"కొత్త సబ్బు పడలేదే, అంతే."

"మనింట్లో సబ్బు మారి మూడేళ్లయింది!"

ఆయన గొడుగు తీసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

దస్తావేజుల గది తలుపు ఆయన బొటనవేలికే తెరుచుకుంటుంది. ఆ ఉదయం తెరుచుకోలేదు. తుడిచాడు, ఊదాడు, మళ్లీ నొక్కాడు. ముద్ర సరిపోలడం లేదని మిషను ఎర్రదీపం వేసింది. వెనక వరుసలో అందరూ చూస్తున్నారు. అందరికన్నా ముందు నిలబడ్డది హోటల్లో అంట్లు తోమే ముసలావిడ. తనకున్న ఒక్క గదినీ కూతురి పేర రాయాలని నాలుగోసారి వచ్చింది. వేళ్లు అరిగిపోయి ముద్ర పడక, మూడుసార్లూ ఆయనే తిప్పి పంపాడు.

"గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండయ్యా," అందావిడ. "నూనె రాయండి. అప్పటికీ పడకపోతే వచ్చే సోమవారం రండి. నాకు మీరు చెప్పినవే."

వరుసంతా గొల్లున నవ్వింది. ఆయన ఒంటికాలి మీద లేవబోయాడు గానీ, ఆవిడ అప్పటికే ఆయన చెయ్యి తిప్పి చూసింది. చూసి నవ్వు మానేసింది.

"ఇదేంటయ్యా, పచ్చిపుండులా ఉంది! నావంటే అంట్లు తోమి అరిగాయి. మీకేం వచ్చింది?"

"మందు వల్ల," అన్నాడాయన గొంతు తగ్గించి. "చెబితే తగ్గిస్తారు. తగ్గిస్తే జబ్బు మళ్లీ వస్తుందేమోనని భయంగా ఉందమ్మా." ఆ మాట ఆయన భార్యతో కూడా అనలేదు.

"వస్తుందని డాక్టరు చెప్పాడా?"

"లేదు."

"అడిగారా?"

"లేదు."

"అడక్కుండానే తేల్చేశారన్నమాట. నా విషయంలోనూ అంతేగా."

ఆయన అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. డాక్టరు ముందు చీవాట్లు పెట్టి, మాత్రలు ఇవాళే ఆపమన్నాడు. చేతులు మానాక కొంచెం తగ్గించి మళ్లీ మొదలుపెడదామన్నాడు. ఇలా చాలామందికి తగ్గిస్తామనీ, తగ్గించేది వైద్యం మధ్యలో ఆగిపోకుండా చూడ్డానికేననీ చెప్పాడు. జబ్బు రాదని మాట మాత్రం ఇవ్వలేదు. అయినా ఆయనకు చాలారోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది.

తర్వాత రూల్సు పుస్తకం తీశాడు. ముద్ర పడనివాళ్లకు ఫొటో, ఇద్దరు సాక్షులు చాలని అందులో మొదటినుంచీ ఉంది. ఆయనే దాన్ని బద్ధకస్తుల రూలని పక్కన పెట్టాడు. మధ్యాహ్నానికల్లా ముసలావిడ గది కూతురి పేర మారింది.

ఇక తలుపు సంగతి. ముద్ర లేకుండా దాన్ని తెరిపించాలంటే, అదే రూలు ప్రకారం, ఈయన ఈయనేనని ఇద్దరు చెప్పాలి. ఒక సాక్షి పై ఆఫీసరు. రెండో సాక్షి కోసం చూస్తుంటే ముసలావిడ ముందుకొచ్చింది.

"రాసుకోండయ్యా, ఈయనే. మూడుసార్లు తిప్పి పంపిన మొహాన్ని నేను మర్చిపోతానా?"