లారీ ఎక్కడ ఆగిందో

మా క్వార్టర్ల లైన్లో ఎటైనా పోతే తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి పోవడం అలవాటు. మా ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో మాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఆ ఎదురింటి అన్న పెద్దయ్యాక లారీల ఓనరయ్యాడు. నేను గోదావరిఖనిలోనే ఇంట్లో కూర్చుని కోడ్ రాసుకుంటున్నాను.

ఒకరోజు అన్న వచ్చాడు. "బండి లేటయితే డ్రైవర్ల ఇంటోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు తమ్మీ. వాళ్ల ఫికర్ వోయేటట్టు ఏమన్న చెయ్యరాదు?"

ఆ మాట నాకు నచ్చింది. బండి ఎక్కడుందో జీపీఎస్ కంపెనీ ఏపీఐ, అంటే వేరే ప్రోగ్రాములు అడిగితే జవాబిచ్చే కిటికీలాంటిది, చెబుతుంది. మెసేజ్‌లు పంపే కంపెనీ ఏపీఐ ఇంకొకటి. ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. మధ్యలో నా కోడ్ పెట్టి రెండింటినీ కలిపాను. బండి దారిలో ఆగితే చాలు, ఎక్కడ ఆగిందో ఎవరూ ముట్టుకోకుండానే డ్రైవర్ ఇంటికి మెసేజ్ పోతుంది.

మా బావ, అంటే అక్క భర్త, ఈ అన్న దగ్గరే డ్రైవరు. ఆయనకు షుగర్. కళ్లు తిరిగినట్టయితే బసంత్‌నగర్ దగ్గర బండి పక్కకు పెట్టి, ఏదైనా తిని, ఒళ్లు కుదుటపడ్డాకే కదిలేవాడు. అన్నకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని భయం.

"గిది ఓనర్‌కు గూడ పోతదా?" అని అడిగాడు.

"పోదు బావా, అక్కకే" అన్నాను. నా మాట మీదే మిగతా డ్రైవర్లూ ఒప్పుకున్నారు.

నేనొక పెళ్లికని మంచిర్యాల పోతుంటే అన్న ఆ కోడ్ పాస్‌వర్డ్ అడిగాడు. నువ్వు లేనప్పుడు మెసేజ్‌లు ఆగిపోతే ఎట్ల అన్నాడు. తాళంచెవి ఇచ్చినట్టే ఇచ్చేశాను.

తిరిగొచ్చిన కొద్దిరోజులకే అన్న బావను డ్యూటీలోంచి తీసేశాడు. అనుమానమొచ్చి తెరిచి చూస్తే, నా కోడ్ కింద నేను రాయని ముక్క ఒకటుంది. బండి ఆగిన ప్రతిసారీ అన్న ఫోనుకూ మెసేజ్ పోతోంది. ఎవరిచేతో రాయించాడు. నా ఒళ్లు మండిపోయింది.

అడిగితే చాయ్ తాగుతూనే చెప్పాడు. "ఊకె బసంత్‌నగర్ కాడ బండి ఆగుతుంటే ఎందుకో అర్సుకున్న. కండ్లు తిరిగేటోనికి లారీ ఎట్ల ఇయ్యాలె? రేపు ఎవని మీదికన్న పోతే జైలుకు వోయేది నేను."

"మరి ఇంటోళ్ల ఫికర్ అని ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెప్తే చేస్తుంటివా?"

చేసేవాణ్ణి కాదు. అన్న భయం ఉత్తదని నేననను. ఆ మాటేదో బావతోనే అని, దవాఖానకు పంపి, వేరే పని ఇవ్వొచ్చు. ఇంటోళ్ల పేరు చెప్పి, నన్ను అడ్డం పెట్టి, దొంగచాటుగా చూడాల్సిన పనేముంది? చిన్నప్పటి నుంచి వాళ్లింట్లో తిన్నవాణ్ణి కాబట్టే నేను దొరికాను.

ఆ రోజే అంతా తీసేశాను. జరిగింది చెబితే అక్క నమ్మింది.

ఇప్పటికీ అక్క ఇంటికి పోతే బావ కూర్చోమంటాడు, అన్నం తినమంటాడు. పానం ఎట్లుంది బావా అని అడిగితే నా చేతిలోని ఫోను వైపు ఒకసారి చూస్తాడు.

"మంచిగనే ఉన్న" అంటాడు.