మెర్విన్ పేరు చదివిన సాయంత్రం

మా బ్లైన్‌హెలిగ్ ఊరి బ్యాండులో నెరిస్ ప్రోబర్ట్ కార్నెట్ వాయించేది. కార్నెట్ అంటే పొట్టి బాకా. పగలంతా బడి వంటింట్లో పిల్లలకు వండి వడ్డించి, సాయంత్రం ఉల్లిపాయల వాసన కొట్టే చేతులతోనే సాధనకు వచ్చేది. బొగ్గు గనులు మూతపడి ఊళ్లో సగంమంది వలస పోయినా బ్యాండు మాత్రం నిలబడింది. ఆమె పక్క కుర్చీ నాది. నేను స్వరం తప్పితే కాలు తొక్కేది.

నవంబరులో యుద్ధమృతుల స్మారక దినాన, ఊరి నడుమ ఉన్న పేర్ల రాయి ముందు వీడ్కోలు బాకా ఊదడం ఆమె పని. వానైనా మంచైనా నిటారుగా నిలబడి ఊదేది. ఊదడం అయిపోగానే ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయేది. ఆ రాతి మీద ఆమె అన్న మెర్విన్ పేరు లేదు.

మెర్విన్ దక్షిణ అట్లాంటిక్ దీవుల యుద్ధానికి వెళ్లి, ఒంటిమీద గీత కూడా పడకుండా తిరిగొచ్చాడు. వచ్చింది శరీరమేనని ఇంట్లోవాళ్లకు తొందరగానే అర్థమైంది. ఊళ్లో బాణసంచా కాల్చే రాత్రి మెట్ల కింద అరలో దూరి, చెవులు మూసుకుని కూర్చునేవాడు. కెటిల్ కూత పెడితే వీధిలోకి పరుగెత్తేవాడు. కొన్నేళ్లు అలా గడిచాక, ఒక ఉదయం కొండమీది జలాశయంలోకి నడిచి వెళ్లిపోయాడు. రాతి మీద పేరు చెక్కాలంటే యుద్ధంలో చనిపోయి ఉండాలి. అదీ నియమం.

మెర్విన్ పోయిన ఎన్నో ఏళ్లకు ఒక టెలివిజన్ సంస్థ స్మారక కార్యక్రమానికి మా ఊరిని ఎంచుకుంది. గని కార్మికుల హాల్లోంచి శనివారం సాయంత్రం ప్రత్యక్ష ప్రసారం. ముందు గాయక బృందం పాటలు, తర్వాత ఒక్కో కుటుంబంవాళ్లు మైకు ముందుకొచ్చి తమవాడి పేరు చదవడం, చివర నెరిస్ బాకా. దేశమంతా చూస్తుంది.

మధ్యాహ్నం రిహార్సల్లో నెరిస్ నేరుగా నిర్మాత టామ్సిన్ దగ్గరికి వెళ్లింది.

"మా అన్న పేరు కూడా చదవాలమ్మా. నేనే చదువుతా, తర్వాత బాకా అందుకుంటా."

టామ్సిన్ వయసులో చిన్నది, సరేనని తల ఊపబోయింది. ఈలోపు మాజీ సైనికుల సంఘం పెద్ద ఎమ్లిన్ బెడ్డో అడ్డు వచ్చాడు. మెర్విన్‌తో పాటు అదే దళంలో పోరాడినవాడు. మెడల్స్ అప్పటికే కోటుకు తగిలించుకున్నాడు.

"రాతి మీద ఉన్న పేర్లే చదువుతామని మాట అయింది" అన్నాడు. "ఇప్పుడు మార్చడానికి వీల్లేదు."

"ఎందుకు వీల్లేదు, ఎమ్లిన్?"

"అతను అక్కడ చనిపోలేదు కదా, నెరిస్."

"అక్కడే చనిపోయాడు. నీళ్లలో దిగడానికి కొన్నేళ్లు పట్టింది, అంతే."

ఎమ్లిన్ మొహం ఎర్రబడింది. "నా సంఘం, నా జెండా. ఆ పేరు చదివితే మేమంతా లేచి వెళ్లిపోతాం."

"అయితే బాకా కూడా నువ్వే ఊదుకో!" అని నెరిస్ కార్నెట్‌ని పెట్టెలో పెట్టేసింది.

టామ్సిన్ గొంతు తగ్గించి, "మీరు వాయించకపోతే మా దగ్గర రికార్డింగ్ ఉందండీ. అది వేస్తాం. నాకు వేరే దారి లేదు" అంది. బెదిరింపులా అనలేదు గానీ, హాల్లో అందరికీ బెదిరింపులాగే వినిపించింది.

నెరిస్ కోటు వేసుకుంటుంటే మోర్వెన్ ట్రెహర్న్ పిలిచింది. తొంభైకి దగ్గరపడిన మనిషి, చక్రాల కుర్చీ. కొడుకు హైవెల్ ఆ యుద్ధంలోనే పోయాడు. వాడి పేరు చదవడానికి వచ్చింది.

"ఎక్కడికే అమ్మాయ్, చలిలో?"

"ఇంటికి, మిసెస్ ట్రెహర్న్ గారూ."

"మా హైవెల్‌కి రికార్డింగ్ వేస్తారా? వాడేం పాపం చేశాడు?"

నెరిస్ కోటు విప్పింది.

సాయంత్రం కెమెరాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. హాలు నిండా జనం, అందరి గుండెల మీదా యుద్ధమృతుల గుర్తుగా పెట్టుకునే ఎర్రటి కాగితపు పువ్వులు. పాటలయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి పేర్లు చదువుతున్నారు. ఎమ్లిన్ మైకు అందిస్తూ, తీసుకుంటూ పక్కనే ఉన్నాడు. నెరిస్ కార్నెట్‌ని ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది. ఆఖరున మోర్వెన్ కుర్చీని ముందుకు తోశారు.

"హైవెల్ ట్రెహర్న్. నా కొడుకు."

ఎమ్లిన్ మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుంది.

"మెర్విన్ ప్రోబర్ట్" అంది.

నా పక్కన నెరిస్ తలెత్తింది.

"నా కొడుకుని కొండమీంచి వీపున వేసుకుని దింపిన అబ్బాయి. దారిలో ఆ వీపు మీదే మావాడు పోయాడు. యుద్ధం నుంచి వచ్చాక మెర్విన్ ప్రతి ఆదివారం వచ్చి మా పొయ్యికి బొగ్గు కొట్టిపెట్టేవాడు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు, ఇన్నాళ్లూ చెప్పలేదు. వాళ్లమ్మ బతికుంటే ఆవిడే చదివేది. లేదు కాబట్టి నేను చదివాను."

ఎమ్లిన్ వెళ్లిపోతాడేమోనని సంఘంవాళ్లంతా అతనికేసి చూస్తున్నారు. బ్యాండ్ మాస్టర్ చెయ్యెత్తాడు. నెరిస్ లేచి కార్నెట్ పెదవులకు ఆనించింది. మొదటి స్వరం పగిలిపోయింది. ఆమె బాకా దించేసింది.

ప్రత్యక్ష ప్రసారంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. రికార్డింగ్ మీట మీద వేలు పెట్టి కూర్చున్న కుర్రవాడు టామ్సిన్‌ వైపు చూశాడు. టామ్సిన్ తల అడ్డంగా ఊపింది. నెరిస్ పెదవులు వణుకుతున్నాయి. వణికే పెదవులతో బాకా పలకదు. ఆమె కాలు తొక్కుదామా అనిపించింది, అది తప్ప నాకేం తోచలేదు. నిజంగానే తొక్కాను. ఆమె ఉలిక్కిపడి, నాకేసి కోపంగా చూసి, ఊపిరి పీల్చింది.

ఈసారి పలికింది. చివరి స్వరం హాలు పైకప్పుకు తాకి కరిగేదాకా ఎక్కడా తడబడలేదు. ఎమ్లిన్ వెళ్లలేదు. సంఘం జెండా అందుకుని, గౌరవంగా వంచి, నిలబడే ఉన్నాడు.

ప్రసారం ముగిశాక అతను కోట్లు తగిలించే గదిలోకి వచ్చాడు. గొడవకేనని నేను నెరిస్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"నువ్వు తప్పుకో" అన్నాడు నాతో. తర్వాత నెరిస్‌తో, "హైవెల్‌ని వాడు మోసినప్పుడు వెనకాల నేనే ఉన్నా" అన్నాడు.

"తెలిసీ వద్దన్నావా?" నెరిస్ గొంతు కరుకుగా వచ్చింది. "ఎందుకు?"

ఎమ్లిన్ మెడల్స్ విప్పడానికి ప్రయత్నిస్తున్నాడు, పిన్ను ఊడి రావడం లేదు. "వాడి పేరు చదివితే, ఆ తర్వాతి పేరు ఎవరిదో నాకు తెలుసు నెరిస్. పోయిన శీతాకాలంలో రెండుసార్లు ఆ జలాశయం గట్టుదాకా వెళ్లొచ్చా."

గది బయట జనం నవ్వుకుంటూ టీ తాగుతున్నారు. నెరిస్ కోపం దిగలేదు, దిగడానికి ఇంకా నెలలు పట్టింది. కానీ దగ్గరికెళ్లి ఆ పిన్ను ఊడదీసింది.

"ఇవాళ ఇంటికి ఒక్కడివే వెళ్లకు" అంది. "మా ఇంట్లో సూప్ ఉంది. పద."

మర్నాటి ఉదయమే అతనిచేత మాజీ సైనికుల మానసిక చికిత్సాలయానికి ఫోన్ చేయించింది. మొదట్లో ఆమే తన డొక్కు కారులో తీసుకెళ్లేది. దారంతా ఒక్క మాట లేకుండా వెళ్లి, ఒక్క మాట లేకుండా వచ్చేవాళ్లట. చివరికి ఒక రోజు ఎమ్లిన్ మెర్విన్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. రాత్రి కాపలాలో వాడు ఎలాంటి బూతు పాటలు కట్టేవాడో పాడి వినిపించాడు. నెరిస్ నవ్వు ఆపుకోలేక కారు పక్కకు ఆపాల్సి వచ్చింది.

రాతి మీద మెర్విన్ పేరు చెక్కడానికి సంఘంలో ఓటింగు పెట్టారు. నెగ్గలేదు. ఎమ్లిన్ మళ్లీ పెడతానంటున్నాడు.