ఆముదం రాసిన కర్ర

తెనాలిలో మా అమ్మాయి వీధి పిల్లలందరికీ ఉచితంగా కర్రసాము నేర్పుతోందండోయ్! ఇవాళ తను కర్రలకు ఆముదం రాస్తుంటే ఆ వాసనకు ఆనందంతో పాటు పాత భయమూ లేచింది.

మన రేపల్లె మస్తాన్ తాత గుర్తున్నాడా? ఎవరి పిల్లలొచ్చినా ఊరికే కర్రసాము నేర్పేవాడు. చిన్నప్పుడు పోలియో కాలుతో వెళ్తే నన్ను పొమ్మంటాడేమోనని ఒకటే వణుకు. ఆయన నన్ను కింద కూర్చోబెట్టి, నా నెత్తిమీదుగా కర్ర గిరగిరా తిప్పాడు. చెవుల్లో బుయ్యిమని గాలి. కళ్లు గట్టిగా మూసుకున్నాను, నిక్కరు తడిసింది.

"తాతా, నేను కుంటోణ్ణి!" అని ఏడ్చాను.

"కనబడతందిలేరా. కళ్లు తెరువు. ఇయ్యాల చూడకపోతే రేపు నువ్వెట్టా తిప్పుతావు?"

ఏడుపు ఠక్కున ఆగింది. రేపు మళ్లీ రావాలన్న కొత్త భయం మొదలైంది!