సముద్రానికి కనిపించే గోడ

పొద్దున టీ తాగకముందే టెగ్వెన్ బయటికొచ్చి, ఇంటికి సముద్రం వైపున్న పక్కగోడను అరచేత్తో ఒకసారి రాస్తుంది. చేతికి తెల్లగా అంటితే మళ్ళీ సున్నం వేయాల్సిన వేళయిందని అర్థం.

మా పోర్త్ హెలిగ్ రేవు నోరు ఇరుకు. అటూ ఇటూ నీళ్ళలో రాళ్ళు. పలకరాయి మోసే ఓడల కాలం నుంచీ లోపలికి వచ్చేవాళ్ళకు ఒకటే గుర్తు: చర్చి కప్పు కొనకు సరిగ్గా కింద ఆ తెల్లగోడ కనిపించాలి. అందుకే ఏటా వసంతంలో ఆ ఇంటివాళ్ళు గోడకు సున్నం వేస్తారు. వేయమని ఎవరూ అడగరు, వేశారని ఎవరూ మెచ్చుకోరు. ఆమెను ఊరంతా తెల్లింటి టెగ్వెన్ అంటుంది.

తండ్రి పోయాక టెగ్వెన్ పైగదులు వేసవి విడిదికి వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చింది. ఫొటోల్లో అందంగా ఉంటుందని ఒక వసంతంలో గోడకు లేతనీలం వేయించింది. ఇప్పుడు పడవలన్నిట్లో దారి చూపే యంత్రాలున్నాయి కదా అనుకుంది. ముసలి ఇథెల్ పడవలోనూ ఒకటుండేది. దాని మీద ఆయన టీ కప్పు పెట్టుకునేవాడు.

ఆ వేసవిలో ఒక సన్నజల్లు రోజున ఇథెల్ పీతలు పట్టుకుని తిరిగొస్తూ పడవను రాళ్ళకు కొట్టించాడు. పడవ అడుగున ఒక చెక్క పలక పగిలింది. ఆయనకేమీ కాలేదు.

"తెల్లగా కనిపించింది. దాన్నే పట్టుకుని వచ్చాను" అన్నాడు రేవులో.

నీలం గోడ తెల్లగా కనిపించిందట! ఆయనకు చూపు పోయిందని ఊరు తేల్చేసింది.

టెగ్వెన్‌కు మాత్రం తెలుసు. ఆ రోజు అద్దెవాళ్ళ తెల్ల వ్యాను గోడకు కాస్త అవతల గడ్డినేల మీద ఆగి ఉంది. అక్కడ పెట్టుకోమన్నది ఆమే. జల్లులో నీలం గోడ ఆకాశంలో కలిసిపోయి ఉంటుంది, వ్యాను ఒక్కటే మెరిసి ఉంటుంది. సాయంత్రానికి వాళ్ళు వెళ్ళిపోయారు. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రాకుండానే చలికాలం వచ్చింది.

ఒకరోజు కొట్లో నలుగురూ ఉండగా కొట్టు మెరిగ్ రొట్టె పైకెత్తి చూపించాడు.

"ఇథెల్ బాబాయ్, ఇది తెలుపా, నీలమా? చెప్పు చూద్దాం!"

అందరూ నవ్వారు. టెగ్వెన్ కూడా నవ్వింది.

ఎప్పుడూ ఎదురు మాట విసిరే మనిషి ఆ రోజు తల దించుకున్నాడు. "ఏమోరా, నువ్వే చెప్పు. నా కళ్ళను నేనే నమ్మడం లేదు" అన్నాడు.

టెగ్వెన్ ముందుకొచ్చింది.

"తెలుపే, బాబాయ్" అంది. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రోజు నువ్వు చూసింది మా అద్దెవాళ్ళ వ్యాను. అక్కడ పెట్టమన్నది నేనే."

మెరిగ్ రొట్టె కింద పెట్టాడు.

"అయితే నాకు కనిపించింది తెలుపేనన్నమాట" అన్నాడు ఇథెల్.

"తెలుపే."

"నీకు ఎప్పటినుంచి తెలుసమ్మాయ్?"

"ఆ రోజు నుంచే."

ఆయన కేకలు వేస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది. వేసి ఉంటే బాగుండేది. ఆయన రొట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"పగిలిన పలక నేనే మార్చుకున్నాను. పడవ బాగానే ఉంది" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "అప్పుడే చెప్పక్కర్లేదు, పోయిన నెల చెప్పినా దాన్ని అమ్మేవాణ్ణి కాదు."

వసంతం దాకా ఆగకుండా, ఎండ కాసిన మొదటి రోజునే టెగ్వెన్ నిచ్చెన వేసి నీలం గీకేసి సున్నం వేసింది. సాయం రమ్మని ఎవరినీ పిలవలేదు. ఎవరూ రాలేదు కూడా. గోళ్ళ సందుల్లో ఆ నీలం చాలా రోజులుంది.

గోడ ఇప్పుడు తెల్లగానే ఉంది. ఇథెల్ రేవు గట్టున కూర్చుని వేరేవాళ్ళ పీతల బోనులు బాగుచేస్తాడు. ఆయనకు పడవ లేదు.